కావడి మోసే వయసు: యువ సంరక్షకుల మానసికారోగ్యం – కథనాలు, చట్టాలు, విజయపురి సౌత్ నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఇంట్లో మంచానపడిన తల్లిదండ్రులకో, వికలాంగులైన తోబుట్టువులకో, మతిమరుపుతో బాధపడే తాతమ్మలకో పరిచర్య చేసే కౌమార, యౌవన దశలోని వారిని ‘యువ సంరక్షకులు’ అనవచ్చు. తెలుగు సమాజం వీరిని మెచ్చుకుంటుంది గాని గుర్తించదు. ఈ మెచ్చుకోలుకు, గుర్తింపుకు నడుమ ఉన్న దూరమే వారి మానసిక భారానికి ముఖ్యకారణాల్లో ఒకటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు శ్రవణకుమార కథనూ, దానికి సమాంతరమైన సామ జాతకాన్నీ, ‘అంతులేని కథ’ చలనచిత్రాన్నీ, చాసో ‘వాయులీనం’ కథనూ, సంబంధిత చట్ట నిర్వచనాలనూ పరిశీలిస్తుంది. పల్నాడు జిల్లాలోని విజయపురి సౌత్‌ను నేపథ్యంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: యువ సంరక్షకులు, పరిచర్య, మానసికారోగ్యం, శ్రవణకుమారుడు, సామ జాతకం, గురుకుల విద్య, పల్నాడు.

1. ప్రవేశిక:
‘చిన్న వయసులోనే ఇంటి భారం నెత్తిన వేసుకున్నాడు’, ‘కన్నవాళ్ళ రుణం తీర్చుకుంటోంది’, ‘బంగారంలాంటి పిల్ల’ వంటి మాటలు తెలుగునాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. ఇవన్నీ ప్రశంసలే. అయితే ఈ ప్రశంసల్లో ఒక్కటి కూడా ఆ పిల్లవాడు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని అడగదు. బడికి వారానికి ఎన్ని రోజులు వెళ్తున్నాడని అడగదు. తండ్రికి ఊపిరి ఆడని రాత్రి అతని మనసులో ఏం జరుగుతుందో విచారించదు.

భాషలో ఈ అనుభవానికి పేరు లేకపోవడం గమనించదగినది. ‘బాలకార్మికులు’ అనే మాట ఉంది. ‘అనాథ’ అనే మాట ఉంది. రోగి పక్కన ఉండే పిల్లలకు మాత్రం విడిగా మాట లేదు. ఆసుపత్రి వ్యవహారంలో ఎవరైనా ‘అటెండెంటే’. ఆ మాటకు వయసు లేదు. పేరు లేని స్థితిని లెక్కించడం కష్టం, లెక్కకు రాని స్థితికి విధానం రూపొందడం మరింత కష్టం.

జాతీయ గణాంక కార్యాలయం నిర్వహించిన 2024 సమయ వినియోగ సర్వే ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 15 నుంచి 59 ఏళ్ళ వయోవర్గంలో కుటుంబసభ్యుల సంరక్షణలో పాలుపంచుకుంటున్న స్త్రీలు 41 శాతం, పురుషులు 21.4 శాతం. అలా పాల్గొన్న స్త్రీలు రోజుకు సుమారు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. స్త్రీపురుష వ్యత్యాసాన్ని ఈ అంకెలు చక్కగా పట్టుకున్నాయి. కాని పసిపిల్లల పెంపకమూ రోగుల పరిచర్యా ఇందులో కలిసే ఉన్నాయి. ఇంటర్మీడియట్ చదివే పదహారేళ్ళ అమ్మాయి, యాభై ఎనిమిదేళ్ళ గృహిణి ఒకే గడిలో చేరారు. సర్వే ఆరేళ్ళు దాటిన వారందరి నుంచీ వివరాలు సేకరించినా, ప్రముఖంగా ప్రచారమైన ఈ అంకెల్లో యువ సంరక్షకులు విడిగా కనిపించరు.

2. విజయపురి సౌత్: రెండు రకాల యౌవనం:
విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. ఆ ప్రాచీన నగరం నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగింది. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టకు కుడిగట్టున ఏర్పడిన కాలనీయే నేటి విజయపురి సౌత్. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో, మాచర్ల మండలంలో ఉంది. నాగార్జునకొండ ద్వీపానికి లాంచీలు ఇక్కడి నుంచి బయలుదేరుతాయి.

ఈ ఊరికి రెండు లక్షణాలున్నాయి. మొదటిది, ఇది తరతరాలుగా పెరిగిన పల్లె కాదు, ప్రాజెక్టు కోసం పుట్టిన కాలనీ. ఉద్యోగరీత్యా, కూలి నిమిత్తం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు ఇటువంటి ఊళ్ళలో స్థిరపడతాయి. ఇంట్లో ఒకరు మంచానపడితే అర్ధరాత్రి తలుపు తట్టడానికి పినతల్లి, మేనమామ పక్కవీధిలో ఉండకపోవచ్చు. అటువంటప్పుడు పరిచర్య భారం ఇంట్లో ఉన్న పిల్లలపైనే పడుతుంది. జిల్లాలో పెద్ద వైద్యం కావాలంటే నరసరావుపేటకో, అక్కడా కాకుంటే నూరు కిలోమీటర్లకు పైబడిన గుంటూరుకో ప్రయాణం. ఎడమగట్టున హిల్ కాలనీలోని ఆసుపత్రి కనుచూపు మేరలో ఉన్నా, 2014 తరువాత అది మరో రాష్ట్రం. వైద్య సహాయ పథకాలు, కార్డులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

రెండవది, విజయపురి సౌత్ గురుకుల విద్యకు పేరుపొందిన చోటు. ఇక్కడి రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలకు, డిగ్రీ కళాశాలకు రాష్ట్రం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల ఆలోచన, పేదింటి ప్రతిభను ఇంటి పరిమితుల నుంచి బయటికి తెచ్చి చదివించాలన్న ఉదాత్తమైన ఆశయం. దాని మేలు కాదనలేనిది. అయితే ఆ ఆలోచనలో చెప్పకుండా ఇమిడిన ఒక ఊహ ఉంది. విద్యార్థి ఇల్లు విడిచి రాగలడు, ఇల్లు అతన్ని విడిచిపెట్టగలదు అన్నదే ఆ ఊహ. పరిచర్య చేస్తున్న పిల్లల విషయంలో ఇది రెండు విధాలుగా తప్పుతుంది. ప్రవేశ పరీక్షలో సీటు వచ్చినా ఇల్లు కదలలేక మానుకునే వారు ఏ జాబితాలోనూ చేరరు. వచ్చి చేరినవారు శరీరంతో మాత్రమే వసతిగృహంలో ఉంటారు. అమ్మకు మందు ఎవరిచ్చారన్న ఆలోచన స్టడీ అవర్ గంటకు ఆగదు. దూరం పనిని తగ్గిస్తుంది గాని ఆందోళనను తగ్గించదు, కొన్నిసార్లు పెంచుతుంది. చెంత ఉన్నవారికి అలసట, దూరాన ఉన్నవారికి అపరాధభావం. ఈ రెండింటినీ ఒకే సమస్యకు రెండు ముఖాలుగా చూడవలసి ఉంది.

3. ఒకే కథ, రెండు ముగింపులు:
యువ సంరక్షకునికి భారతీయ సంప్రదాయంలో మహోన్నత ప్రతీక శ్రవణకుమారుడు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పే వృత్తాంతమిది. అక్కడ ఆ మునికుమారునికి పేరు లేదు. శ్రవణుడన్న పేరు, తల్లిదండ్రులను మోసిన కావడి జనశ్రుతిలో బలపడ్డాయి. అంధులైన వృద్ధులకు నీళ్ళు తేబోయిన యువకుడు రాజు బాణానికి నేలకూలతాడు. మరణిస్తూ కూడా అతని చింత తన ప్రాణం గురించి కాదు, దాహంతో ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల గురించి. ఆ తరువాత తండ్రి శాపం, వృద్ధ దంపతుల మరణం. కథ నిర్మాణంలో సంరక్షకునికి బదులు లేడు. అతడు పోతే సంరక్షణే పోయింది. ఒక మనిషి మీద మాత్రమే నిలిచిన వ్యవస్థ ఎంత బలహీనమో ఈ కథ చెబుతోంది. అయితే దాన్ని వినిపించే పెద్దలు ఆ సంగతిని వదిలి, భక్తిని మాత్రమే పిల్లలకు అందించారు.

ఇదే ఇతివృత్తం బౌద్ధంలో సామ జాతకంగా ఉంది. ఇక్కడ కూడా అంధులైన తల్లిదండ్రులు, నీటికి వెళ్ళిన కొడుకు, వేటకు వచ్చిన రాజు బాణం. కాని ముగింపు వేరు. సత్యక్రియ వల్ల సాముడు తిరిగి ప్రాణం పొందుతాడు. అంతకంటె ముఖ్యమైన ఘట్టం దానికి ముందే ఉంది. తాను చేసిన పనికి కుమిలిన రాజు, ఆ వృద్ధుల పోషణ ఇకపై తానే చూస్తానని మాట ఇస్తాడు. బాణం వేసిన చేయే కావడి కొమ్ము అందుకోవడానికి సిద్ధపడుతుంది.

ఈ తేడా చిన్నది కాదు. మొదటి కథలో పరిచర్య ఒక పుత్రుని గుణం. రెండవ కథలో అది చేతులు మారగల పని. గుణాన్ని మరొకరితో పంచుకోలేం, పనిని పంచుకోగలం. యువ సంరక్షకుల గురించి ఏ విధానం ఆలోచించాలన్నా మొదట దాటవలసిన గడప ఇదే. విజయపురి నేలమీద ఈ రెండో దృష్టికి చారిత్రక ఆనవాలు కూడా ఉంది. నాగార్జునకొండ శాసనాల్లో ఒకదానిలో కనిపించే ‘విగతజ్వరాలయ’ ప్రస్తావనను పండితులు జ్వరపీడితుల కోసం ఏర్పరచిన గృహంగా అర్థం చేసుకున్నారు. రోగి సేవ ఇంటి గోడల మధ్యనే ముగియనక్కరలేదని, సంఘం ఆ పనికి చోటు చూపవచ్చని ఆ మాట సూచిస్తుంది.

పల్నాడు తన యువకులను మరొక విధంగా స్మరించుకుంటుంది. పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు చిన్న వయసులో కయ్యానికి కదిలిన వీరుడు. కారెంపూడిలో నేటికీ వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ప్రాణమిచ్చిన యౌవనానికి గాథ ఉంది, గుడి ఉంది. ప్రాణం నిలబెట్టే యౌవనానికి గాథ లేదు. రణం ఒకరోజు జరుగుతుంది, నలుగురూ చూస్తారు. పరిచర్య ఏళ్ళ తరబడి జరుగుతుంది, ఎవరూ చూడరు. వీరగాథకు అవసరమైన సాక్షి ఇక్కడ లేడు.

4. ఆధునిక కథనాలు – త్యాగమూ, లెక్కా:
కె. బాలచందర్ దర్శకత్వంలో 1976లో వచ్చిన ‘అంతులేని కథ’లో సరిత కుటుంబమంతటికీ ఏకైక ఆధారం. ఇల్లు విడిచిన తండ్రి, తాగుడుకు బానిసైన అన్న, అతని భార్యాబిడ్డలు, వితంతువైన సోదరి, చూపులేని తమ్ముడు ఆమె సంపాదన మీదే బతుకుతారు. ఆమె చేసేది ప్రధానంగా పోషణ, రోగి పరిచర్య కాదు. అయినా యౌవనంలోనే ఇంటి పెద్దరికం మీదపడిన వ్యక్తి అంతరంగాన్ని తెలుగు తెరమీద చూపిన అరుదైన చిత్రమది. దాని ప్రధాన బలం సరిత కోపం. ఆమె సాత్వికురాలు కాదు. మాట పదును, ఇంట్లో అందరూ ఆమె రాకకు జంకుతారు. భారం మోసే మనిషి మృదువుగా ఉంటుందన్న అబద్ధాన్ని ఈ పాత్ర తోసిపుచ్చింది. యువ సంరక్షకుల్లో కుంగుబాటు చాలాసార్లు కన్నీటిగా కాక చిరాకుగా, మొండితనంగా, మౌనంగా బయటపడుతుంది. తరగతి గదిలో దాన్ని క్రమశిక్షణ లోపంగా పొరబడడం సులభం.

అయితే చిత్రం చివరికి వచ్చేసరికి ఆ కోపం త్యాగంగా పవిత్రమవుతుంది. తన పెళ్ళిని చెల్లెలికి ఒప్పగించి ఆమె మళ్ళీ ఉద్యోగానికి బయలుదేరుతుంది. ప్రేక్షకుడు చేతులు జోడిస్తాడు. ఆ నమస్కారంతో ‘ఈ భారాన్ని మరొకరు పంచుకోవలసింది కాదా’ అన్న ప్రశ్న అణగిపోతుంది. శీర్షికలోని ‘అంతులేని’ అన్న విశేషణం నిజానికి ఫిర్యాదు. ముగింపు దాన్ని స్తుతిగా మార్చింది.

చాసో ‘వాయులీనం’ కథ దీనికి భిన్నమైన మార్గం పట్టింది. జబ్బుపడిన రాజ్యం వైద్యానికి భర్త వెంకటప్పయ్య ఆమె వాయులీనాన్నే అమ్ముతాడు. ఇక్కడ సంరక్షకుడు యువభర్త. రచయిత అతన్ని దుర్మార్గుణ్ణి చేయలేదు, త్యాగమూర్తినీ చేయలేదు. ప్రాణం దక్కింది, ఆ ప్రాణానికి రుచినిచ్చినది పోయింది. రెండూ ఒకే చేతిమీదుగా జరిగాయి. జబ్బు ఒక ఇంటినుంచి ఏమేమి తీసుకుపోతుందో ఖచ్చితంగా లెక్కగట్టిన కథ ఇది. యువ సంరక్షకుల గురించి రాయదలచిన సాహిత్యానికి కావలసినది ఈ లెక్క చూపే నిజాయితీ. కీర్తన ఉన్నచోట లెక్క ఉండదు.

5. మనసు మీద పడే భారం – దాని తీరు:
కుటుంబ చికిత్సా శాస్త్రంలో పిల్లలు పెద్దల పాత్రను మోయడం గురించి సాల్వడార్ మినూచిన్ బృందం 1967లోనే చర్చించింది. ఐవాన్ బోసోర్మెని-నాజ్, జెరాల్డిన్ స్పార్క్ 1973లో ఈ ఆలోచనను కుటుంబ విధేయతల సిద్ధాంతంగా విస్తరించారు. వీరి దృష్టిలో కుటుంబం ఒక ఇచ్చిపుచ్చుకోళ్ళ ఖాతా వంటిది. పిల్లవాడు బాధ్యత మోయడమే హాని కాదు. వయసుకు మించి మోయవలసిరావడం, మోసినది ఎవరి లెక్కలోకీ రాకపోవడం, తిరిగి ఏమీ అందకపోవడం హానికరం.

తెలుగువారికి ఈ ఖాతా భాష కొత్తది కాదు. ‘పితృఋణం’ అన్నది ఖాతాయే. భేదమల్లా ఒక్కటే. సంప్రదాయ ఖాతాలో పిల్లవాడు పుట్టుకతోనే బాకీదారు. ఎంత చేసినా వడ్డీకే చెల్లు. ఈ భావన వల్ల అతనికి అలసిపోయే హక్కు కూడా లేకుండా పోతుంది. ‘ఇది ఎప్పటికి ముగుస్తుందో’ అన్న సహజమైన ఆలోచన, రోగి మరణాన్ని కోరుకున్నట్టుగా అతని మనసుకే తోచి భయపెడుతుంది. ఆ ఆలోచనను ఎవరికీ చెప్పుకోలేడు. చెప్పుకోలేని అపరాధభావం నిద్రలేమిగా, చదువుపై ఏకాగ్రత లోపంగా, స్నేహితులకు దూరం కావడంగా మారుతుంది. రాత్రి పక్కగదిలోని దగ్గుకు ఉలికిపడి లేచే అలవాటు, రోగి కోలుకున్న తరువాత కూడా వదలకపోవచ్చు.

రోగం మానసికమైనదైతే మరొక పొర చేరుతుంది. తల్లికి స్కిజోఫ్రెనియా అని, తండ్రి మద్యానికి బానిస అని బయటికి పొక్కితే అక్క పెళ్ళి ఆగిపోతుందన్న జంకు ఇంటిని మూసివేస్తుంది. అప్పుడు పిల్లల పనుల్లో రహస్యాన్ని కాపాడడం కూడా ఒకటవుతుంది.

ఇందులో స్త్రీపురుష భేదం స్పష్టం. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే వివాహమైంది. పుట్టింట్లో పరిచర్య చేసే అమ్మాయికి వివాహం విడుదల కాకపోవచ్చు. అత్తవారింట మంచానపడిన మనిషి ఉంటే ఆమె పాత్ర మారదు, రోగి మారతారు. అక్కడ ‘బంగారంలాంటి పిల్ల’ అన్న మెచ్చుకోలు కూడా దొరకకపోవచ్చు.

పరిచర్యలో మేలే లేదనడం కూడా సరికాదు. ఓర్పు, సమయజ్ఞత, పెద్దవారితో ఆత్మీయత ఈ అనుభవం నుంచే రావచ్చు. భారం పంచుకునేవారు ఉన్నప్పుడే ఆ మేలు నిలుస్తుంది.

6. చట్టం చూసేది, చూడనిది:
భారతీయ చట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక వైరుధ్యం బయటపడుతుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ‘పిల్లలు’ అన్న నిర్వచనం నుంచి మైనర్లను మినహాయించింది. అంటే మైనర్‌కు పోషణ బాధ్యత లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ‘సంరక్షకుడు’ అన్న పదాన్ని నిర్వచించాయి. రెండు నిర్వచనాల్లోనూ వయసు ప్రస్తావన లేదు. అదే 2017 చట్టం, రోగి తరఫున నిర్ణయాల్లో సాయపడే నామినేటెడ్ ప్రతినిధి మైనర్ కాకూడదంది. ఈ నియమం సబబే. కాని ఫలితంగా పదిహేనేళ్ళ కూతురు మందులు వేయవచ్చు, కాపలా ఉండవచ్చు, చట్టపరంగా ఆమె మాటకు మాత్రం స్థానం లేదు. పని ఉంది, పలుకుబడి లేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం, తల్లిదండ్రులు అశక్తులైన బాలలను రక్షణ అవసరమైనవారిగా చూసింది. అక్కడ బాలుడు సంరక్షణ పొందవలసినవాడే గాని ఇస్తున్నవాడుగా కనిపించడు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడివేళల తరువాత కుటుంబానికి సాయపడడాన్ని అనుమతించింది. మంచానపడిన మనిషికి బడివేళలు తెలియవు.

సంక్షేమ పథకాల్లోనూ ఇదే లోపం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి నెలకు రూ. 15,000 పింఛను ఇస్తున్నారు. ఇది గొప్ప ఊరట. కాని పింఛను రోగి శరీర స్థితిని కొలుస్తుంది. ఆ శరీరాన్ని పక్కకు తిప్పే చేతుల వయసును అడగదు. గతంలో అమలైన ‘అమ్మ ఒడి’ పథకానికి పెట్టిన 75 శాతం హాజరు నిబంధనను ఈ కోణం నుంచి చూస్తే, పరిచర్య కోసం బడి మానిన పిల్లల కుటుంబమే సాయం కోల్పోయే ప్రమాదం అందులో ఉండేదని కనిపిస్తుంది. నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ళవారిలో మానసిక రుగ్మతల వ్యాప్తిని 7.3 శాతంగా చూపింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు.

మరోచోట దారి దొరికింది. ఇంగ్లండ్‌లో 2014 నాటి బాలల, కుటుంబాల చట్టం యువ సంరక్షకుల అవసరాలను మదింపు చేసే బాధ్యతను స్థానిక సంస్థలపై పెట్టింది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పథకం మంచానపడిన వారిని చూసుకునే వారికి నెలకు రూ. 600 సాయం నిర్ణయించింది. మొత్తం స్వల్పమే. అయినా సంరక్షకుణ్ణి రోగి నుంచి వేరుగా ఒక వ్యక్తిగా చూసిన అడుగు అది.

7. ముగింపు – ఫలితాలు:
• యువ సంరక్షకుని ఆదర్శంగా నిలిపిన కథనాలు అతని అనుభవాన్ని దాచాయి. శ్రవణకుమార కథను సామ జాతకంతో కలిపి బోధిస్తే, పరిచర్యను పంచుకోదగిన పనిగా చర్చించే అవకాశం తరగతి గదిలో కలుగుతుంది.
• త్యాగాన్ని కీర్తించే ముగింపు కంటె, నష్టాన్ని లెక్కించే కథనం ఈ వర్గానికి ఎక్కువ న్యాయం చేస్తుంది. ‘అంతులేని కథ’లోని కోపాన్నీ, ‘వాయులీనం’లోని నిష్పాక్షికతనూ ఈ దృష్టితో పునఃపఠించవలసి ఉంది.
• గురుకుల కళాశాలల ప్రవేశ పత్రంలో ‘ఇంట్లో మీరు చూసుకునే రోగి ఉన్నారా?’ అన్న ఒక్క ప్రశ్న చేరితే, ఇంటికి ఫోన్ చేసుకునే వేళలు, సెలవులు, సలహా సేవలు దానికి తగినట్టు నిర్ణయించవచ్చు. విజయపురి సౌత్ వంటి విద్యాకేంద్రం ఇందుకు అనువైన చోటు.
• గ్రామ సచివాలయాలు పింఛను కోసం రోగి వివరాలు నమోదు చేసేటప్పుడే ప్రధాన సంరక్షకుని వయసునూ నమోదు చేయవచ్చు. హాజరు నిబంధనలకు పరిచర్య కారణంగా మినహాయింపు ఉండాలి.
• 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ (14416) ఇప్పటికే ఉన్నాయి. వాటి ప్రచారంలో ‘రోగిని చూసుకునే నువ్వు కూడా ఫోన్ చేయవచ్చు’ అన్న మాట చేరాలి. తాను రోగి కానందున తనకు సాయం అడిగే అర్హత లేదనుకునే పిల్లలకు ఆ మాట అవసరం.

సామ జాతకంలో రాజు ఆ వృద్ధుల భారం తనదన్నాడు. నేటి ప్రజాస్వామ్యంలో ఆ మాట ఇవ్వవలసినది ప్రభుత్వమూ, కళాశాలా, ఇరుగుపొరుగూ. కావడి ఒక భుజం మీదనే ఉండాలన్న నియమం ఏ ధర్మంలోనూ లేదు.